ముందు కారణము, తరువాత ఖర్చు



"జర్మనీ కారు కొనడము తేలిక, నిలుపుకోవడము కష్టము" అనే మాట మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. శృంగవరపుకోటలో ఉంటూ అట్టి కారునే ఏళ్ల తరబడి నడుపుకొంటున్న కుటుంబము గనుక, ఈ మాటలో ఎంత నిజమున్నదో మా అనుభవములో నుండి వ్రాయవలెనని అనిపించింది. మేము మెకానిక్కులము కాము. ఇద్దరమూ బడిపంతుళ్లము. అయినప్పటికీ యజమాని తెలుసుకోదగినది, స్వయముగా చేసుకోదగినది చాలా ఉన్నదని ఈ సంవత్సరములలో నేర్చుకొన్నాము.

2017లో మా అమ్మగారికి మూత్రపిండములు రెండూ పనిచేయడము మానివేశాయి. మాలో ఒకరికి ఆమె అమ్మ, మరొకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మా అనే పిలిచేవారము. వారమునకు మూడు దినములు విశాఖపట్నములో డయాలసిస్ చేయించాలని డాక్టర్లు చెప్పారు. కోట నుండి లక్కవరపుకోట, కొత్తవలస, పెందుర్తి మీదుగా వెళ్లి రావడానికి సుమారు 100 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు బస్సు ఎక్కగలిగినా, నాలుగు గంటలు యంత్రము మీద ఉన్న తరువాత ఆమె నిలబడలేకపోయేవారు. నెలకు పన్నెండు సార్లు బాడుగ కారు పెట్టడానికి మా జీతములు చాలవు. కాబట్టి అదే సంవత్సరము 2013 నాటి డీజిల్ కారు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాము. అదే వయసున్న ఇతర కార్లకన్నా అది తక్కువ ధరకు వచ్చింది. దానికి కారణము జనుల భయమే. కంపెనీ పేరు ఇక్కడ అవసరము లేదు. మేము వ్రాసేది జర్మనీ కార్లన్నిటికీ కొద్ది తేడాతో వర్తిస్తుంది.

మనకు బొత్తిగా కొత్తది కాదు

జర్మనీ యంత్రము అనగానే ఎక్కడిదో దూరదేశపు వింత అనుకొంటాము గాని, అది మన పొలములలోనికి ఏనాడో వచ్చింది. నుయ్యి దగ్గర నీరు తోడిన డీజిల్ ఇంజను పేరే రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరుది. ఆయన 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణములో తన ఇంజనును నడిపించి చూపించాడు. ట్రాక్టరు ఉన్న ప్రతి రైతుకూ తెలిసిన "మైకో" పంపు, 1951లో జర్మనీ బాష్ కంపెనీ సహకారముతో బెంగళూరులో మొదలైన కర్మాగారము నుండి వచ్చినదే. 1954 నుండి 1969 వరకు టాటా లారీలు జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో ఒప్పందము మీద తయారై, ముందు భాగమున బెంజ్ నక్షత్రముతోనే తిరిగాయి. "టెంపో" అనే మాట కూడ హాంబర్గ్ నగరపు కంపెనీ పేరే. మన పల్లెలలో జనమును మోసిన ట్రాక్స్ బండిలో ఉన్నది మెర్సిడెస్ నమూనా డీజిల్ ఇంజనే.

2005 ప్రాంతములో ఫోక్స్‌వాగన్ కర్మాగారము విశాఖపట్నమునకు వస్తుందన్న మాట గట్టిగా వినిపించింది. చివరికి అది మహారాష్ట్రలో పూణె దగ్గర చాకన్‌లో కట్టబడి, 2009లో ప్రారంభమైంది. ఆ కర్మాగారము మనకు రాలేదు గాని, కార్లు మాత్రము వచ్చాయి. వాటిని చూచుకొనడము మన చేతులలోనే ఉన్నది.

మొదటి మరమ్మతు చేసినది ఒక గృహిణి

కారు చరిత్రలో మాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటున్నది. కార్ల్ బెంజ్ అనే ఆయన పెట్రోలు ఇంజనుతో నడిచే మూడు చక్రముల బండికి 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అయితే జనులు దానిని నమ్మి కొనలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తతో చెప్పకుండ, తన ఇద్దరు కుమారులు యూజెన్, రిచర్డులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి ఫోర్త్స్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరింది. దూరము సుమారు 104 కిలోమీటర్లు, అనగా మేము అమ్మను తీసుకొని వెళ్లి వచ్చే దూరమంతే.

దారిలో ఇంధనపు గొట్టము మూసుకొనిపోగా, టోపీకి పెట్టుకొనే పొడవైన సూదితో పొడిచి శుభ్రము చేసింది. తీగె ఒరుసుకొనిపోయిన చోట మేజోడు కట్టుకొనే పట్టీతో చుట్టింది. బ్రేకు దిమ్మలు అరిగిపోగా, చెప్పులు కుట్టేవాని చేత వాటికి తోలు కొట్టించింది. ఇంధనము అయిపోతే వీస్లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణములో కొన్నది. తిరిగి వచ్చిన తరువాత, ఎత్తులు ఎక్కడానికి మరొక గేరు కావాలని భర్తకు చెప్పింది. ఆమె ఏ భాగమునూ ఊరక మార్చలేదు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ముందు చూచింది. నూరేళ్లు దాటినా జర్మనీ కారు యజమానికి ఇంతకన్నా మంచి పాఠము లేదు.

లక్షా పదివేలా, అయిదు వేలా?

2019 వర్షాకాలములో ఒక తెల్లవారుజామున అమ్మతో వెళ్తుండగా, కొత్తవలస దాటిన తరువాత కారుకు బలము ఒక్కసారిగా పడిపోయింది. ఇంజను ఆగలేదు గాని, ఎంత తొక్కినా వేగము 60 దాటలేదు. డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టవంటి పసుపు దీపము మిణుకుమిణుకుమన్నది. ప్రక్కన ఆపి, తాళము త్రిప్పి ఆర్పి, మరల వెలిగిస్తే మామూలుగానే నడిచింది. సాయంత్రము తిరుగు ప్రయాణములో మరల అదే వరుస. ఉదయము ఏడు గంటల షిఫ్టుకు మేము ఎంత ఆలస్యమైతే, అమ్మ యంత్రము మీద ఉండే సమయము అంత తగ్గిపోతుంది. తగ్గిన ప్రతి నిమిషమునకు ఆమె కాళ్లలో నీరు నిలిచేది. కనుక "నడుస్తున్నది కదా, చూద్దాములే" అని వదలిపెట్టడానికి వీలు లేదు.

నగరములో ఒక వర్క్‌షాపు వారు కంప్యూటరు తగిలించి చూచి, "టర్బో పోయింది, కొత్తది వేయాలి, లక్షా పదివేలు" అన్నారు. టర్బో పోయిందని ఎలా తెలిసిందని అడిగాము. "కోడు వచ్చింది కదండీ" అన్నారు. ఆ కోడు ఏమిటో కాగితము మీద వ్రాయించుకొన్నాము: పి0299. ఇంజనుకు కావలసినంత గాలి ఒత్తిడి అందడము లేదని దాని అర్థము. టర్బో చెడిపోయిందని దాని అర్థము కాదు. గాలి తగ్గడానికి గొట్టము చీలి ఉండవచ్చును. బిగింపు వదులై ఉండవచ్చును. టర్బోను అదుపుచేసే కడ్డీ పట్టేసి ఉండవచ్చును. ఒత్తిడిని కొలిచే సెన్సారు తప్పు చెప్పవచ్చును. ఇవన్నీ చూచిన తరువాతనే టర్బో వంతు. పరీక్ష రుసుము మాత్రము చెల్లించి ఇంటికి వచ్చాము.

మా ఊరిలో జీపులు, ట్రాక్సులు బాగుచేసి చేసి తల నెరసిన మెకానిక్ ఒకరున్నారు. ఆయన ఇంజను వెలిగించి, పొగ చూచి, నవ్వి ఇలాగన్నారు: "టర్బో పోతే నీలం పొగ రావాల బావూ, ఇంజనాయిల్ తాగాల. ఇది నల్లపొగ. డీజిల్ పడతంది గాని గాలి సాలట్లేదు. ఎక్కడో గాలి పోతంది." బండి క్రిందికి దూరి, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దగ్గర ఉన్న రబ్బరు గొట్టము అడుగు భాగమును చేతితో తడిమారు. చేయి నూనె జిడ్డుతో వచ్చింది. అక్కడ వ్రేలెడు పొడవున చీలిక ఉన్నది. మామూలుగా అది మూసుకొనే ఉంటుంది; గాలి ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే వర్క్‌షాపులో నిలబెట్టి చూస్తే కనబడలేదు, లారీని దాటబోయినప్పుడు బయటపడింది.

గొట్టము మీద ఉన్న నంబరు చెప్పి హైదరాబాదు నుండి బస్సు పార్సిలులో తెప్పించాము. గొట్టము 4,200 రూపాయలు, బిగింపులకూ కూలికీ 900. మధ్యలో ఒక్క దినము అమ్మను బాడుగ కారులో తీసుకొని వెళ్లాము. ఆ కోడు మరల రాలేదు. ఆ టర్బోయే నేటికీ పనిచేస్తున్నది.

ఈ సంగతి వ్రాసినది నగరమువారిని తగ్గించడానికి కాదు. కంప్యూటరు సాక్షి వంటిది. చూచినది చెప్తుంది. తీర్పు చెప్పవలసినది మాత్రము మనిషే. సాక్షిని విన్న వెంటనే శిక్ష వేస్తే నష్టపోయేది యజమాని.

దీపముల భాష

డ్యాష్‌బోర్డు దీపములకు ఒక భాష ఉన్నది. ఇంటిలో బండి నడిపేవారందరూ దానిని నేర్చుకోవాలి. ఎరుపు అంటే ఆగుము. నూనె డబ్బా ఆకారముతో ఎర్రదీపము వెలిగితే ఇంటికి ఇంకా రెండు కిలోమీటర్లే ఉన్నదని వెళ్లకూడదు. వెంటనే ఇంజను ఆపాలి. నూనె ఒత్తిడి లేని ఇంజను నిమిషములలోనే పాడవుతుంది. వేడిని చూపే ఎర్రదీపమునకు కూడ ఇదే నియమము. పసుపు అంటే త్వరలో చూపించుము. డీజిల్ బండ్లలో చుట్ట దీపము వెలిగించే ముందు కొద్ది క్షణములు నిలకడగా ఉంటే అది ఇంజను లోపలి వేడి ప్లగ్గుల సంగతి. పలు జర్మనీ కార్లలో నడుస్తుండగా అది మిణుకుమిణుకుమంటే ఇంజను లోపమునకు గుర్తు. అప్పుడు బలము తగ్గిందంటే కంప్యూటరే ఇంజనును కాపాడడానికి తగ్గించిందని గ్రహించాలి. ఆర్పి వెలిగిస్తే బలము తిరిగి రావచ్చును గాని రోగము పోలేదు.

ఒకేసారి నాలుగైదు దీపములు వెలిగితే భయపడవద్దు. ముందు బ్యాటరీ చూడండి. ఈ కార్లలో చిన్న కంప్యూటర్లు అనేకము ఉన్నాయి. కరెంటు తగ్గితే అవి లేని రోగములను కూడ చెప్తాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరుతో చూస్తే, రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టులకు దగ్గరగా, ఇంజను నడుస్తుండగా 14కు దగ్గరగా ఉండాలి. సముద్రపు గాలి తగిలే చోట తిరిగే బండ్లకు బ్యాటరీ ఎర్తు తీగె కొనలు త్రుప్పు పట్టడము కూడ సామాన్యము.

మా పుస్తకములో వ్రాసుకొన్నవి

కారు కొన్ననాడే ఒక నోటు పుస్తకము పెట్టాము. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు, వినబడిన శబ్దము, అన్నీ అందులో వ్రాస్తాము. మా పుస్తకములో ఎక్కువసార్లు వచ్చిన సంగతులు ఇవి.

ఇంజనాయిల్: "మంచి నూనె" అని అడిగితే చాలదు. డబ్బా మీద కంపెనీవారి ఆమోదపు సంఖ్య ఉండాలి. ఫోక్స్‌వాగన్ వర్గపు కార్లకు 502 00, 505 00, 507 00 వంటి సంఖ్యలు, మెర్సిడెస్ కార్లకు 229.5 వంటివి ఉంటాయి. మీ బండికి ఏది కావాలో మాన్యువల్‌లో చూచి, డబ్బా మీద సరిచూచుకొని పోయించుకోండి.

రేడియేటరు నీరు: చాలా జర్మనీ కార్లలో గులాబి రంగు లేదా ఊదా రంగు కూలంట్ ఉంటుంది. అందులో వేరే రంగుది కలపరాదు. బోరు నీరు పోస్తే లోపల సున్నము పేరుకొంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి. వేడిగా ఉన్నప్పుడు మూత త్రిప్పరాదు. నీరు మరల మరల తగ్గుతుంటే పోస్తూ ఉండడము వైద్యము కాదు. ఎక్కడ కారుతున్నదో చూపించాలి.

డీజిల్: ట్రాక్టరు ఆగితే నాజిల్ నట్టు వదులుచేసి గాలి తీయడము మన రైతులకు వెన్నతో పెట్టిన విద్య. ఈ కార్లలో ఆ పని ఎన్నడూ చేయవద్దు. ఆ గొట్టములలో 1,000 బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది; సన్నని ధార చర్మమును చీల్చి లోపలికి పోగలదు. యజమాని చేయదగినది ఒక్కటే: జనము ఎక్కువగా వచ్చే బంకులో డీజిల్ పోయించుకొని, ఫిల్టరును గడువుకు మార్పించడము. కిరోసిను కలిసిన డీజిల్ పంపునకు విషము వంటిది.

టైమింగ్ బెల్టు: ఇది తెగితే వాల్వులు పిస్టనుకు తగిలి ఇంజను నాశనమవుతుంది. ముందుగా ఏ దీపమూ వెలగదు. మేము కొన్న బండికి పాత లెక్కలు లేవు గనుక మొదటి నెలలోనే బెల్టును, వాటర్ పంపును కలిపి మార్పించాము. సెకండ్ హ్యాండ్ కొనేవారు ఈ ఖర్చును ధరలోనే లెక్కించుకోవాలి.

బ్రేకు ఆయిల్: ఇది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాగితే ఆ తేమ ఆవిరియై, పెడలు మెత్తగా లోపలికి పోతుంది. రెండు సంవత్సరములకొకసారి మార్పించాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి.

ఎలకలు: నూర్పిళ్ల కాలములో వెచ్చదనము కొరకు ఇంజనులో చేరి వైర్లు కొరుకుతాయి. ఒక సెన్సారు వైరు తెగినా బండి కదలకపోవచ్చును. ధాన్యపు బస్తాల దగ్గర బండి నిలపవద్దు. శనివారము సాయంత్రము బానెట్ ఎత్తి చూచే అలవాటు వలన మేము రెండుసార్లు గూటిని ముందే తీసివేశాము.

చక్రములు: మన బండ్లలో చాలావాటికి చక్రము మీద నట్టు బిగిస్తారు, జర్మనీ కార్లకు ఎక్కువగా బోల్టును లోపలికి బిగిస్తారు. చక్రమును రంధ్రమునకు ఎదురుగా పట్టుకొని ఎక్కించాలి. పగటిపూట ఇంటి దగ్గర ఒకసారి చేసి చూచుకొంటే, రాత్రి బొడ్డవర దగ్గర పంక్చరు పడినా చేతులు వణకవు.

సామాను తెప్పించడము

"దీనికి సామాను దొరకదు" అనేది మరొక భయము. నిజమేమంటే, ప్రతి భాగమునకు ఒక నంబరు ఉన్నది. ఒకే వర్గములోని కార్లు అనేక భాగములను పంచుకొంటాయి. ఫోక్స్‌వాగన్, స్కోడా, ఆడి కార్లలో ఒకే నంబరు తరచుగా కనబడుతుంది. అంతేకాక బాష్, మాన్, మాలే, సాక్స్ వంటి జర్మనీ కంపెనీలు కార్ల కంపెనీలకు సరఫరా చేస్తూ, తమ సొంత పెట్టెలో కూడ అమ్ముతాయి. అవి తరచు తక్కువ ధరకే వస్తాయి. బండి 17 అక్షరముల ఛాసిస్ నంబరు, పాత భాగము ఫోటో పంపితే తప్పు సామాను రాదు. తీసిన పాత భాగమును అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది చూస్తే రోగము అర్థమవుతుంది.

ఇవి కాక ఈ బండ్లకు నక్షత్రపు తల బోల్టులు ఎక్కువ. వాటికి తగిన రెంచీల పెట్టె ఒకటి కొని మేము బండిలోనే పెట్టాము. మా మెకానిక్ గారికి అదే మొదట పనికి వచ్చింది. తరువాత ఆయన కుమారుడు చిన్న స్కానర్ కొన్నాడు. స్టీరింగు క్రింద ఉన్న సాకెట్టుకు తగిలించి వాడు కోడు చదువుతాడు, తండ్రి పొగ చూస్తాడు. ఇప్పుడు కొత్తవలస వైపు నుండి కూడ వారి దగ్గరకు బండ్లు వస్తున్నాయి.

యజమాని చేయకూడనివి కూడ ఉన్నాయి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి దూరరాదు. గాలి సంచుల పసుపు వైర్లను ముట్టరాదు. గేరుబాక్సు లోపలి పని, డీజిల్ పంపు పని ఆ యంత్రములున్న చోటనే చేయించాలి.

అమ్మ 2023లో ప్రభువునందు నిద్రించారు. పుస్తకములో చూచుకొంటే, అయిదేళ్లకు పైగా ఆమె కొరకు ఆ కారు 78,000 కిలోమీటర్లు తిరిగింది. కారు నిమిత్తము తప్పిపోయిన డయాలసిస్ ఒక్కటీ లేదు. రెండుసార్లు మాత్రము బాడుగ కారు పెట్టాము. కొన్న ధర గాక, నూనెలు, టైర్లు, బెల్టు, మరమ్మతులు అన్నీ కలిపి నెలకు సగటున మూడు వేలకు కొంచెము పైన పడింది. తక్కువ అని చెప్పము. మా ఊరి చిన్న కార్లకన్నా అది ఎక్కువే. అయితే భయపెట్టినంత కాదు.

ఇట్టి కారు కొనవచ్చునా అని మమ్మును అడిగే యౌవనస్థులకు మేము మూడు ప్రశ్నలు వేస్తాము. గంట ప్రయాణములో కోడు చదివి, కారణము వెదకే మెకానిక్ ఉన్నాడా? కొన్న ధరలో కనీసము ఐదవ వంతు మరమ్మతుల కొరకు ప్రక్కన పెట్టగలవా? ఎవరైనా "ఇది మార్చాలి" అన్నప్పుడు, "ఎందుకు?" అని మర్యాదగా అడిగి, జవాబు వచ్చేవరకు ఆగగలవా? మూడింటికీ అవునంటే కొనుము. మూడవదానికి కాదంటే, ఏ దేశపు కారైనా నీకు ఖరీదైనదే.